నీలం పలకకు నాలుగో స్క్రూ

వేల్స్‌లో ఒక లోయలో ఉంది మా ఊరు కుమ్ హెలిగ్. అక్కడి ఈతకొలను గోడకు ఒక నీలం పలక ఉండేది. దాని మీద గుండ్రంగా పన్నెండు పసుపు నక్షత్రాలు, కింద వెల్ష్‌లోనూ ఇంగ్లిష్‌లోనూ ఒకటే మాట: ఈ కొలను యూరప్ నిధులతో కట్టారని. ఆ పలకను పీకింది నేనే. ముందే చెప్పేస్తున్నాను, ఎందుకంటే చెప్పాల్సిన రోజున చెప్పలేదు.

నా పేరు ఇద్వల్ ప్యూ. పందొమ్మిదేళ్ళు బొగ్గు గనిలో చేశాను, గని మూసేశాక ఇరవై రెండేళ్ళు బస్సు తోలాను. ఛాతీలో గని దుమ్ము ఇంకా ఉంది. వెచ్చని నీళ్ళలో ఈదితే ఊపిరి ఆడుతుందని డాక్టరు చెప్పినప్పటినుంచి రోజూ పొద్దున ఏడింటికి కొలనుకు వెళ్ళేవాణ్ణి. నాలాంటి ముసలి గనివాళ్ళు పదిమంది దాకా వచ్చేవారు. ఈదేది తక్కువ, వాదించుకునేది ఎక్కువ.

యూరప్‌లో ఉందామా, బయటికి వద్దామా అని ఓటు పెట్టిన ఏడు నేను బయటికి వద్దామని వీధి వీధి తిరిగాను. "యూరప్ మనకేం ఇచ్చింది?" ఇదీ నా నినాదం. మెడదాకా వెచ్చని నీళ్ళలో ఉండి, ఆ నీలం పలక కింద నిలబడి, ఈ మాటే అనేవాణ్ణి. తిన్నింటి వాసాలు లెక్కపెట్టడమంటే అదే.

"ఒరేయ్ ఇద్వల్, కాస్త మెడ తిప్పి చూడరా. నీ నెత్తిమీదే రాసుంది" అనేవాడు హెడ్లీ. వాడూ నేనూ ఒకే రోజు గనిలో దిగినవాళ్ళం.

"అది మన డబ్బేరా. మన దగ్గర గుంజుకుని మనకే ముష్టి వేశారు."

"పోనీ ముష్టయినా వేశారు. మీ లండన్‌వాళ్ళు అది కూడా వెయ్యలేదుగా!"

అందరూ నవ్వేవారు. నేనూ నవ్వేవాణ్ణి. అప్పటికింకా నవ్వితే పోయే మాటే అది.

తర్వాత ఏడు లండన్‌లో అధికారంలో ఉన్న పార్టీ నన్ను కౌన్సిల్ ఎన్నికల్లో నిలబెట్టింది. మా లోయలో ఎదుటి పార్టీ గాడిదను నిలబెట్టినా గెలుస్తుందని సామెత. ఊరంతా కోపంగా ఉన్న ఏడు కాబట్టి ముప్ఫై ఓట్ల తేడాతో గాడిద ఓడి నేను గెలిచాను. మా పార్టీకి ఈ లోయలో అదే మొదటి సీటు. ఆ సంగతి నా తలకెక్కింది.

రెండువేల పంతొమ్మిది మార్చి. బయటికి రావాల్సిన తేదీకి మూడు వారాలు కూడా లేవు, ఎలా రావాలో మాత్రం లండన్‌లో ఎవరికీ తెలియదు. ప్రభుత్వం కూలుతుందని, మళ్ళీ ఎన్నికలని పేపర్లనిండా రాస్తున్నారు. పార్లమెంటుకు మా లోయ నుంచి నన్నే పెట్టే ఆలోచన ఉందని పార్టీ నిర్వాహకురాలు క్లారిసా కార్డిఫ్ నుంచి ఫోన్ చేసింది. నాకు అరవై ఆరేళ్ళు. ఆ రాత్రి నిద్ర పట్టలేదంటే నమ్మండి.

"సోమవారం ఉపమంత్రి గారొస్తున్నారు ఇద్వల్ గారూ. యూరప్ డబ్బు ఆగిపోయాక ఊళ్ళకు మనమే కొత్త నిధి ఇస్తామని మీ కొలను దగ్గరే ప్రకటిస్తారు. టీవీ వాళ్ళూ ఉంటారు. ఆ గోడమీద ఏదో నీలం పలక ఉందట కదా?"

"ఉందండీ."

"కాస్త చూసుకోండి" అంది, అంతే. పీకమని అనలేదు. ఒక తువ్వాలు కప్పినా సరిపోయేది. పూలకుండీ ఎత్తుగా పెట్టినా సరిపోయేది. కానీ నాకు మెప్పు కావాలి.

ఆదివారం కొలను మూసే వేళకు వెళ్ళాను. కొలను మేనేజరు ఐర్లిస్ నా స్నేహితుడు ఎమ్రిస్ కూతురు. ఎమ్రిస్ దుమ్ము జబ్బుతోనే పోయాడు. చివరి ఏడాది వాణ్ణి వెచ్చని నీళ్ళలోకి చేతుల మీద దింపింది ఈ పిల్లే. నన్ను చిన్నప్పటినుంచీ బాబాయ్ అనే పిలుస్తుంది.

"ఐర్లిస్, ఒక స్క్రూడ్రైవర్ ఇస్తావా అమ్మా? మా వంటింటి అలమర తలుపు వేలాడుతోంది."

"ఇదిగో బాబాయ్. మళ్ళీ తెచ్చివ్వాలి సుమా. పోయినసారి తీసుకెళ్ళిన సుత్తి ఇంకా మీ ఇంట్లోనే కాపురముంది."

తను లోపల దీపాలు ఆర్పడానికి వెళ్ళింది. నేను బెంచీ ఎక్కి మూడు స్క్రూలు జేబులో వేసుకున్నాను. నాలుగోది చేతిలోంచి జారి ఎక్కడో టంగుమంది. వంగి వెతికాను, దొరకలేదు. పలకను కోటు లోపల పెట్టుకుని, "వస్తానమ్మా" అని కేకేసి బయటపడ్డాను. ఆమె లోపలినుంచి "జాగ్రత్త బాబాయ్, మెట్లు జారుతున్నాయి" అంది.

సోమవారం ఉపమంత్రి వచ్చాడు. పలక ఉన్న చోటే మా పార్టీవాళ్ళు తెచ్చిన చిన్న ఇత్తడి ఫలకం బిగించి, దాని ముందు చిట్టి తెర కట్టారు. ఆయన తాడు లాగితే తెర సగంలో ఇరుక్కుంది. నేను వెళ్ళి చేత్తో పక్కకు జరిపాను. 'ఈ ఊరి భవిష్యత్తుకు అంకితం' అని ఉంది, కింద ఆయన పేరు, ఆ కింద నా పేరు. ఆయన పదకొండు నిమిషాలున్నాడు. లండన్‌లో ఏదో ఓటింగు ఉందని టీ కూడా తాగకుండా కారెక్కాడు. గోడ వైపు సరిగా చూడను కూడా లేదు.

చూసింది మరొకతను. వారం తిరక్కుండా యూరప్ నిధుల తనిఖీ అధికారి చెప్పాపెట్టకుండా దిగాడు. ఆ డబ్బుతో కట్టిన ప్రతిదానిమీదా నీలం పలక అందరికీ కనబడేలా ఉండాలన్నది నియమం. ఉందని ఏటా మేనేజరు సంతకం చెయ్యాలి. ఐర్లిస్ మార్చి ఒకటిన సంతకం చేసింది. ఇప్పుడు అక్కడ ఇత్తడి ఫలకం. పలక కన్నా అది చిన్నది కావడంతో చుట్టూ నాలుగువైపులా రంగు మాయని తెల్లని గీత. నా పేరుకు చట్రం కట్టినట్టుంది. అధికారి ఫోటో తీసుకున్నాడు. లేని పలక ఉందని మేనేజరు సంతకం పెట్టిందని కౌన్సిల్‌కు రాశాడు.

ఐర్లిస్‌ను పనిలోంచి పక్కన పెట్టారు. విచారణకు ముగ్గురు కౌన్సిలర్లతో కమిటీ వేశారు. ఎదుటి పార్టీవాళ్ళు ఇద్దరు, మా పార్టీ నుంచి ఒకరు. మా పార్టీకి ఉన్నదే ఒకడు.

క్లారిసాకు ఫోన్ చేసి, ఆ పలక తీసింది నేనేనండీ అన్నాను.

"ఈ మాట నేను వినలేదు ఇద్వల్ గారూ. విచారణ మంగళవారం, అభ్యర్థి ఎంపిక గురువారం. రెండు రోజులు ఓపిక పట్టండి. ఆ అమ్మాయికి మహా అయితే ఒక హెచ్చరిక కాగితం ఇస్తారు, అంతే."

రెండు రోజులేగా అనుకున్నాను. గురువారం దాటాక అంతా చెప్పేద్దామనుకున్నాను. మనిషి తనకు తాను చెప్పుకునే అబద్ధానికి తేదీ కూడా వేసుకుంటాడని నాకు అప్పుడే తెలిసింది.

మంగళవారం కౌన్సిల్ గదిలో పొడుగు బల్లకు ఇటు మేం ముగ్గురం, అటు ఐర్లిస్ ఒక్కతే. తండ్రి అంత్యక్రియలకు వేసుకున్న నల్ల కోటే వేసుకుంది. నేను తేలుకుట్టిన దొంగలా కూర్చున్నాను.

అధ్యక్షుడు అడిగాడు. "సంతకం చేసిన రోజున పలక ఉందా?"

"ఉందండి. ఆ పొద్దునే తుడిచాను కూడా."

"మరి ఎవరు తీసుంటారు?"

"ఆదివారం ఒకరికి నా స్క్రూడ్రైవర్ ఇచ్చాను. ఇంకా తిరిగివ్వలేదు."

గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నట్టు నా చెయ్యి దానంతటదే కోటు జేబు మీదికి పోయింది. స్క్రూడ్రైవర్ అక్కడే ఉంది. ఎన్ని రోజులుగా ఆ జేబులో మోస్తున్నానో!

"ఎవరికిచ్చారు? పేరు చెప్పండి" అన్నాడు అధ్యక్షుడు.

"వాళ్ళే చెప్పుకుంటే బాగుంటుందండి. నేను ఆగుతాను."

ఆ గదిలో గోడ గడియారం ఉంది. అది ఎంతసేపు కొట్టుకుందో నాకు తెలుసు. నోరు తెరిచాను. తెరిచి, "ఆమె మంచి ఉద్యోగి. చిన్న హెచ్చరికతో సరిపెడదాం" అన్నాను. ఎంత దయగల మాట! అన్నాక నా గొంతు నాకే రోతపుట్టింది. ముగ్గురం చేతులెత్తాం. ముందు లేచింది నా చెయ్యే.

ఐర్లిస్ లేచి, కొలను తాళాలగుత్తి తీసి బల్లమీద నా ముందు పెట్టింది.

"నేను నిజానికి సంతకం చేశాను. అబద్ధమాడానని రాసిన కాగితం మీద చెయ్యను. సెలవు, కౌన్సిలర్ గారూ."

బాబాయ్ అనలేదు.

గురువారం పార్టీ అభ్యర్థిని ఎంపిక చేసింది. లండన్ నుంచి వచ్చిన ముప్ఫై ఏళ్ళ కుర్రాడు. మా ఊరి పేరు పలకడానికి మూడుసార్లు ప్రయత్నించి, చివరికి 'ఈ అందమైన ప్రాంతం' అని సరిపెట్టుకున్నాడు. క్లారిసా నా భుజం తట్టి, మీ అనుభవం మాకు వెలకట్టలేనిదండీ అంది. నాకు కోపం రావాలి. రాలేదు. నాకు తగినదే జరిగింది.

శుక్రవారం పొద్దున కౌన్సిల్‌కు ఉత్తరం రాశాను. పీకింది నేను, ఆమెకు తెలియదు, నా పదవి తీసుకోండి అని రాశాను. అది పోస్టులో వేసి, పలకను పాత తువ్వాల్లో చుట్టుకుని ఐర్లిస్ ఇంటికి వెళ్ళాను. తలుపు తీసింది. లోపలికి రమ్మనలేదు.

"ఇదిగో నీ స్క్రూడ్రైవర్. ఇదిగో పలక. అంతా ఉత్తరంలో రాసేశానమ్మా. నీ ఉద్యోగం నీకిస్తారు."

"నాకు పక్క లోయలో పని దొరికింది. వృద్ధాశ్రమంలో. సోమవారం నుంచి."

"నీకు ముందే తెలుసా, నేనే అని?"

"స్క్రూడ్రైవర్ ఇచ్చింది నేనే కదండీ."

"మరి ఆ రోజు చెప్పలేదేం? ఒక్క మాట చెప్తే పోయేదిగా!"

ఆమె నావైపు చూసింది. కళ్ళు తండ్రివే.

"నాన్న పోయేముందు ఏమన్నాడో తెలుసా? ఇద్వల్ ఉన్నాడుగా, నీకేం భయం అన్నాడు. మీరు చెప్తారనే అనుకున్నాను. చెయ్యెత్తేదాకా అనుకున్నాను."

నాకు నేల చీలి లోపలికి పోతే బాగుండుననిపించింది. గనిలో పైకప్పు విరిగిపడ్డ రోజున కూడా అలా అనిపించలేదు.

పలకను ముట్టుకోలేదు. స్క్రూడ్రైవర్ తీసుకుని తిప్పి చూసి, మళ్ళీ నా చేతిలోనే పెట్టింది.

"పని ఇంకా అవ్వలేదుగా. అయ్యాక ఇవ్వండి." లోపలికి వెళ్ళి వచ్చి ఒక చిన్న స్క్రూ నా అరచేతిలో వేసింది. "ఇది బెంచీ కింద దొరికింది. విచారణ రోజున కూడా నా జేబులోనే ఉంది."

మర్నాడు పొద్దున ఏడింటికి కొలనుకు వెళ్ళాను. ముసలివాళ్ళంతా తువ్వాళ్ళు కప్పుకుని ఒడ్డున కూర్చున్నారు. బెంచీ ఎక్కి, ముందు నా పేరున్న ఇత్తడి ఫలకం ఊడదీశాను. రెండుసార్లు స్క్రూడ్రైవర్ జారింది. నీలం పలకను ఆ తెల్లని చోట పెడితే అంగుళం అటూ ఇటూ కాకుండా కూర్చుంది. జేబులోని మూడు స్క్రూలు బిగించాను. నాలుగోది బిగించాను.

"ఎవడ్రా అప్పుడు దాన్ని పీకింది?" అన్నాడు హెడ్లీ. కొలనంతా వినబడేలా అన్నాడు.

"నేనే."

"మరి ఆ పిల్ల?"

"ఆ పిల్ల ఏ తప్పూ చెయ్యలేదు. అది తెలిసే నేను చెయ్యెత్తాను."

వాడు ఇంకేదో అంటాడని, తిడతాడని చూశాను. తిడితే బాగుండేది. వాడు మెల్లగా లేచి, కడ్డీ పట్టుకుని నీళ్ళలోకి దిగాడు. వెనకే మిగతావాళ్ళూ దిగారు. పలక కింద నేను రోజూ నిలబడే చోటు ఖాళీగానే ఉంది. నేను దిగలేదు.

తిన్నగా ఐర్లిస్ ఇంటికి నడిచాను. తలుపు సందులోంచి చెయ్యి చాపి స్క్రూడ్రైవర్ అందుకుంది.

"పని అయిందా?"

"అయిందమ్మా."

"నాలుగూ బిగించారా?"

"నాలుగూ."

మెట్లు తడిగా ఉన్నాయి. జాగ్రత్త అంటుందేమోనని ఒక క్షణం అక్కడే నిలబడ్డాను. తలుపు వేసుకుంది.