చదివినంకనే సంతకం

చల్లగా ఒక చుక్క.

రెప్ప కింద పడింది. పడగానే మంట. మంట చల్లారేలోపే గొంతులో చేదు. కంట్లో వేసిన మందు గొంతులోకి ఎట్లా దిగిందో సత్తెమ్మకు తెలియలేదు. కళ్ళు మూసుకుంది. మూసిన రెప్పల వెనక ఎర్రటి వెలుతురు... దానిలో ఈదుతున్న నల్ల పోగులు.

ఆ పోగుల కోసమే వచ్చింది.

రెండు నెలలుగా ఉన్నాయవి. బియ్యం ఏరుతుంటే మొదట కనబడ్డాయి. పురుగులనుకొని వేలితో తీయబోయింది. వేలికి అందలేదు. కన్ను కదిలితే అవీ కదిలాయి — నీళ్ళలో నాచులాగా. సత్తెమ్మకు నలభై మూడేళ్ళు. షుగర్ వచ్చి తొమ్మిదేళ్ళు. కంటి వెనక పొర చూపించుకో, ఆలస్యం చేస్తే చూపే పోతుందని ఆశా వర్కర్ చెప్పింది.

ఇవాళ రెండో శనివారం. బడికి సెలవు. బిజినేపల్లి అవతల, రోడ్డు మీది ఊరు, ఊరి చివర బడి. సత్తెమ్మ పన్నెండేళ్ళుగా మధ్యాహ్నం అన్నం వండే బడి అదే. ఇవాళ అందులో కంటి శిబిరం. ఏదో సంస్థ వాళ్ళది. గేటుకు బ్యానర్, బ్యానర్ మీద రెండు పెద్ద కళ్ళు.

సత్తెమ్మ చదువుకోలేదు. ఈ బడిలోనూ చదువుకోవడానికి చేరలేదు. వంటగదికీ ఒకటో తరగతికీ మధ్య ఒక తలుపు ఉంది, అంతే. పప్పు ఉడికేలోపు ఆ తలుపు సందులోంచి నల్లబల్ల కనబడేది. అ కనబడేది. ఆ కనబడేది. లోపల పిల్లలు అరిచి చెప్పేవాళ్ళు, ఇవతల సత్తెమ్మ పెదవులు కదిపేది. పొయ్యి బూడిదలో పుల్లతో గీసేది. చెరిపేది. మళ్ళీ గీసేది.

మూడేళ్ళు పట్టింది.

నాలుగో ఏడు తన రేషన్ కార్డు మీద సత్తెమ్మ అని కాక సక్కెమ్మ అని పడిందని తనే కనిపెట్టింది. ఎన్నేళ్ళుగా అట్లా ఉందో. ఎవరూ చెప్పలేదు. ఆ రోజు నుంచి చదవకుండా దేని మీదా సంతకం పెట్టలేదు.

చుక్కలు వేసే పిల్ల పేరు లావణ్య. కంటి పరీక్షల చదువు ముగించి కొత్తగా పనిలో చేరింది. చెయ్యి మెత్తన, మాట ఇంకా మెత్తన.

“కంటిపాప ఉంటది గద పెద్దమ్మా, ఎండ తగిల్తె ముడుసుకుంటది. ఈ చుక్క ఏస్తే ముడుసుకోదు. దర్వాజ తెరిసి పెట్టినట్టు ఉంటది. అప్పుడు డాక్టర్ సారు లైటేసి లోపటి పొర చూస్తడు. సాయంత్రం దాంక దగ్గరివి మసకగ కనపడ్తయి. పరేషాన్ గాకు.”

ఆమె కుడి చేతిలో మందు సీసా, ఎడమ చేతిలో చిన్న టార్చి. ఒక్కొక్కరి కంటి పక్క నుంచి టార్చి వేసి, ఒక్క క్షణం ఆగి, అప్పుడు చుక్క వేస్తోంది. నలుగురికి అట్లా వేసింది. సత్తెమ్మ నాలుగోది.

అప్పుడు శిబిరం నడిపించే శ్రవణ్ కుమార్ వచ్చాడు. మెడలో కార్డు, చేతిలో కాగితాల కట్ట.

“నలభై మంది ఉన్నరు. టార్చి గీర్చి ఎందుకు, జల్ది చుక్కలెయ్యి.”

లావణ్య వరస వైపు చూసింది. టార్చి జేబులో పెట్టుకుంది.

ఐదోది బుచ్చమ్మ.

బుచ్చమ్మది నల్లమల. లింగాల అవతలి చెంచుగూడెం నుంచి తెల్లారకముందే ఆమెనూ ఇంకో పదిమందినీ వ్యాన్‌లో ఎక్కించుకొచ్చారు. అరవై దాటిన మనిషి. కొండ చరియన తేనెపట్టు ఎక్కడుందో కింద నిలబడి చెప్పే కన్ను అట. ఈ మధ్య ఆ చరియ మసకబారిందని వచ్చింది. బెంచీ మీద ఒదిగి కూర్చుంది, ఎవరి చోటులోనో కూర్చున్నట్టు. తల ఎత్తమంటే ఎత్తింది. కన్ను తెరవమంటే తెరిచింది.

రెండు కళ్ళలో రెండు చుక్కలు.

పది నిమిషాలకు ఇంకో రెండు.

ఇక ఎదురుచూపు.

డాక్టర్ గద్వాల నుంచి బయల్దేరిండు — అన్నారు పదింటికి.

డాక్టర్ పెబ్బేరు దాటిండు — అన్నారు పదకొండింటికి.

పెబ్బేరు సంత ఇయ్యాల, పసుల లారీలు అడ్డమొచ్చినయి — అన్నారు పన్నెండింటికి. దాటిన వాడికి లారీలు ఎట్లా అడ్డమొచ్చాయో ఎవరూ అడగలేదు.

ఎండ పెరిగింది. వరండాలోకి వచ్చింది. నలభై మంది కంటిపాపలు బార్లా తెరుచుకొని ఉన్నాయి, మూయడానికి లేదు. మామూలు రోజున నీడలాగుండే వెలుతురు ఇవాళ సున్నం నీళ్ళలాగా కళ్ళలో పడుతోంది. కొంగులు కప్పుకున్నారు. తువ్వాళ్ళు కప్పుకున్నారు. గోడ వైపు తిరిగి కూర్చున్నారు. మంచినీళ్ళ కుండ ఎక్కడుందో తడుముకుంటూ పోయారు.

సత్తెమ్మ తన చేతిని తను చూసుకుంది. గీతలు లేవు. వేళ్ళ చివర్లు కరిగిపోయాయి. వంటగది గోడ దగ్గరికి పోయి నిలబడింది — ఆ గోడ మీద ఏ రోజు ఏ కూరో రాసి ఉంటుంది, పన్నెండేళ్ళుగా చూస్తున్న అక్షరాలు. సోమవారం ఉండాల్సిన చోట నీలం మరక. మంగళవారం ఇంకో మరక.

సాయంత్రం దాంకనే అంది గద ఆ పిల్ల... అని తనకు తనే చెప్పుకుంది.

ఒంటిగంటకు డాక్టర్ రాలేదు. కాగితాలు వచ్చాయి.

శ్రవణ్ కుమార్ వరసగా వస్తున్నాడు. వెంట సిరా డబ్బా. బొటనవేలు పట్టుకోవడం, అద్దడం, కాగితం మీద నొక్కడం. పట్టుకోవడం, అద్దడం, నొక్కడం. బుచ్చమ్మ వేలు కూడా పట్టుకున్నాడు. బుచ్చమ్మ ఇచ్చింది.

“నీకు సంతకం వస్తదా అమ్మా? ఇక్కడ పెట్టు.”

“ఏముంది దీంట్ల?”

“అందరికి ఒక్కటే. ఊకె రికార్డు కోసం.”

“చదివి పెడ్త.”

అతను నవ్వాడు. “చదువొస్తదా నీకు?”

“వస్తుండె. పొద్దున మీరు చుక్కలేసే దాంక.”

నవ్వు ఆగింది.

సత్తెమ్మ గొంతు పెంచలేదు. కానీ ఒళ్ళంతా కాలుతోంది. బూడిదలో గీసి గీసి తెచ్చుకున్న అక్షరాలు. పొద్దున తీసుకున్నారు. తీసుకొని, మధ్యాహ్నం కాగితం తెచ్చారు. కళ్ళున్నప్పుడు తేవచ్చు కదా. తొమ్మిదింటికి తేవచ్చు. చుక్కకు ముందు తేవచ్చు.

“సంతకం పెడ్తెనే వ్యాన్ కదుల్తది. వీళ్ళందర్ని నువ్వే ఆపుతున్నవ్,” అన్నాడు అతను, అందరికీ వినబడేలా.

“డాక్టర్ వచ్చిండా?”

“వస్తడు.”

“వచ్చినంక నాకు కనపడ్తది. కనపడ్డంక చదువుత. చదివినంకనే సంతకం.”

అతను అందించిన కాగితం మడిచి రవికలో పెట్టుకుంది. అతను చెయ్యి చాపాడు. ఆమె కదలలేదు. చాపిన చెయ్యి కాసేపు అట్లాగే ఉండి, వెనక్కి పోయింది.

బుచ్చమ్మ మూలిగింది అప్పుడే.

ఎడమ కన్ను. కంటి నుంచి కణతకు, కణత నుంచి తల సగానికి నొప్పి. తల గోడకు ఆనించుకుంది. ఏది చూసినా చుట్టూ రంగుల సింగిడి కనపడ్తుంది చెల్లె, అంది. తర్వాత వాంతి. కన్ను పండిన మిరపకాయలాగా ఉంది.

“పొద్దటి నుంచి తినలే. పైత్యం,” అన్నాడు శ్రవణ్ కుమార్.

లావణ్య పరుగున వచ్చింది. జేబులోంచి టార్చి తీసింది — ఇప్పుడు. బుచ్చమ్మ కంటి పక్క నుంచి వేసింది. ఆ పిల్ల ముఖం తెల్లబోవడం సత్తెమ్మకు మసకలోనూ తెలిసింది.

“పైత్యం గాదు సార్. కంట్ల ప్రెషర్ పెరిగింది. దవాఖానకు తీస్కపోవాలె.”

“వ్యాన్ అడివికి పోవాలె. నువ్వు పోతే మళ్ళ రాకు.”

లావణ్య సీసాలు బల్ల మీద పెట్టింది. మెడలోని కార్డు తీసి సీసాల పక్కన పెట్టింది.

ఆటో సత్తెమ్మ ఆపింది. రోడ్డు మీదికి పోయి, ఏది బస్సో ఏది లారీయో తెలియని ఆ తెల్లటి మంటలో చెయ్యి ఎత్తి నిలబడింది. మూడోసారి ఆగింది ఆటోయే. నాగర్‌కర్నూల్ దాకా బుచ్చమ్మ తల సత్తెమ్మ ఒడిలో, సత్తెమ్మ కొంగు బుచ్చమ్మ ముఖం మీద. లావణ్య దారిపొడుగునా ఫోన్‌లో అక్కడి దవాఖానలోని కంటి డాక్టర్‌కు చెబుతూనే ఉంది. ఎన్ని చుక్కలు వేసిందో. ఎప్పుడు వేసిందో. ఏం చూడకుండా వేసిందో అదీ చెప్పింది. దాచలేదు.

డాక్టర్ పేరు సౌందర్య. గుమ్మంలోనే నిలబడి ఉంది. సూది వేసింది, మాత్రలు మింగించింది, పాప ముడుచుకునే చుక్కలు వేసింది. గంట గడిచాక కుర్చీలో కూర్చుంది.

“చుక్క మంచిదే. రోజు ఎందరికో ఏస్తం. అది లేకుంటే కంటి వెనక ఏముందో తెల్వనే తెల్వదు,” అంది. “కాని కొందరి కన్ను ముందర ఇరుకుగ ఉంటది. పాప తెరుసుకుంటే లోపటి నీరు పోయే దారి మూసుకపోతది. ముందుగాల టార్చి ఏస్తే అనుమానం వస్తుండె. అర నిమిషం పని.”

అర నిమిషం.

పొద్దున తొమ్మిది నుంచి ఒంటిగంట దాకా కూర్చోబెట్టినవాళ్ళకు అర నిమిషం లేదు.

“చూపు వస్తదా?” అడిగింది సత్తెమ్మ.

“రేపు మహబూబ్‌నగర్ల లేజర్ చేపియ్యాలె. అప్పుడు గాని చెప్పలేను.”

లావణ్య గోడకు తిరిగి ఏడ్చింది. సత్తెమ్మకు ఆ పిల్ల మీద కోపం ఉంది. జాలీ ఉంది. రెంటిలో ఏదీ తగ్గలేదు.

సాయంత్రం ఐదున్నరకు అక్షరాలు వచ్చాయి.

ఒక్కసారి రాలేదు. పసులు మేత నుంచి వచ్చినట్టు వచ్చాయి — ముందు ఒకటి, వెనక రెండు. కాగితం చాపిన చేతి దూరంలో పట్టుకుంది. దగ్గరికి తెచ్చింది. దూరం జరిపింది. మంచం మీద బుచ్చమ్మ కళ్ళు మూసుకొని వింటోంది. సత్తెమ్మ కూడబలుక్కుంటూ పైకి చదివింది.

“నన్ను... ఈ రోజు... కంటి వైద్య నిపుణులు... స్వయంగా పరీక్షించినారు. నా కంటిలో... ఎటువంటి... సమస్య లేదని... తెలిపినారు. నేను... సంతృప్తిగా... ఇంటికి వెళ్ళుచున్నాను.”

“నేను ఏలు పెట్టిన దాంట్ల గూడ గదే ఉందా చెల్లె?” అడిగింది బుచ్చమ్మ.

“గదే ఉందక్క.”

సత్తెమ్మ లావణ్య దగ్గర పెన్ను అడిగి తీసుకుంది. కాగితం కింద, సంతకానికి వదిలిన ఖాళీలో, బడిపిల్లల్లాగా గుండ్రంగా రాసింది. డాక్టర్ రాలేదు. ఒక కన్ను పోయేటట్టు ఉంది. నలభై మందిమి ఉంటిమి. దాని కింద తన పేరు. తప్పు లేకుండా.

ఆ కాగితం డాక్టర్ సౌందర్య చేతికి ఇచ్చింది. ఆమె చదివింది. రెండోసారి చదివింది.

“ఇది పైకి పంపిస్త. నువ్వు మాట్లాడాల్సి వస్తది.”

“మాట్లాడుత.”

“నీకు షుగర్ అన్నవ్ గద. నీ కన్ను ఎవరు చూడనే లేదు. సోమవారం పొద్దున రా. మళ్ళ చుక్కలేసి చూడాలె.”

మళ్ళీ చుక్కలు. మళ్ళీ ఆ మసక. సత్తెమ్మ కళ్ళ ముందు నల్ల పోగులు తాపీగా ఈదుతున్నాయి — పొద్దున ఎన్నున్నాయో ఇప్పుడూ అన్నే.

“మీరుంటరా?”

“ఉంట.”

“రాసియ్యుండ్రి మేడం.”

డాక్టర్ తల ఎత్తింది. అలసిన ముఖం. కోపం రాలేదు ఆ ముఖంలోకి, నవ్వూ రాలేదు. చీటీ ఒకటి లాక్కొని రాయడం మొదలుపెట్టింది. సత్తెమ్మ బల్ల మీదికి వంగింది. పైన ట్యూబులైటు చుట్టూ ఇంకా పాలలాంటి మసక. ఆ మసక కింద ఒక్కో అక్షరం పుడుతుంటే ఒక్కోటీ పెదవులతో పట్టుకుంటోంది.

సో. మ. వా. రం.

తొమ్మిది గంటలకు. నేను. ఉంటాను.

డాక్టర్ పెన్ను మూత పెట్టబోయింది.

“సంతకం గూడ,” అంది సత్తెమ్మ.