రెల్లుకప్పులో ఎనిమిదో ఊపిరి

ఇంగ్లండు పడమటి కొసన కార్న్‌వాల్‌లో తగరం కరిగించే ఇంటికి పైన రెల్లు కప్పుతారు. పలకరాయి కొనలేక కాదు. కొలిమిలోంచి లేచే తగరపు ధూళి పొగతోపాటు పైకి పోయి ఆ రెల్లులో ఇరుక్కుంటుంది. ఏడేళ్ళకోసారి కప్పుకి నిప్పు పెట్టి, ఆ బూడిదను ఏటినీళ్ళలో కడిగి, అడుగున తేరిన తగరాన్ని మళ్ళీ కరిగిస్తారు. కొంప తగలబెట్టుకుని లాభం చూసుకునేవాళ్ళు లోకంలో వీళ్ళొక్కరేనేమో.

రెల్లులో చిక్కుకునేది తగరం ఒక్కటే కాదని అక్కడి పాతవాళ్ళ మాట. కొలిమి నడిపేవాణ్ణి వాళ్ళు బ్లోయర్ అంటారు, అంటే ఊదేవాడని. తాతముత్తాతలు గొట్టాలు పెట్టి నోటితో ఊది, ఆ తర్వాత తిత్తులు కాళ్ళతో తొక్కి నిప్పు నిలబెట్టిన రోజుల్లో పుట్టిన పేరది. తర్వాత తిత్తుల పని ఏటి ఒడ్డున నీటిచక్రం అందుకుంది. మనిషి ఊదడం మానేశాడు గానీ పేరు మారలేదు. బ్లోయర్ ఎక్కడ చచ్చినా వాడి ఊపిరి తిరిగొచ్చి తన కొలిమి కప్పులోనే చేరుతుందట. అందుకని నిప్పు పెట్టేముందు పెద్ద బ్లోయర్ గుమ్మంలో నిలబడి, పోయినవాళ్ళను ఒక్కొక్కరినే పేరుపెట్టి బయటికి పిలవాలి. పిలవకుండా మరిచిపోతే ఆ ఊపిరి రెల్లుతోపాటే కాలిపోతుంది. ఇక వాడు ఈ లోకంలోనూ ఉండడు, ఆ లోకంలోనూ ఉండడు.

మెలియర్‌కి ఆ మే నెలలో ముద్ద గొంతు దిగకపోవడానికి కారణం ఇదే. ఆమె మొగుడు పాస్కో ఆ కొలిమిలోనే బ్లోయర్; ఇల్లు వదిలి వెళ్ళి ఏడేళ్ళయింది. బతికున్నాడో లేదో ఎవరికీ తెలియదు.

వెళ్ళినరోజు జరిగిన గొడవ ఆమెకి నిన్నటిదిలా గుర్తుంది. ఆ రోజుల్లోనే ఎక్కడో కొత్తరకం కొలిములు లేచాయని కబురు వచ్చింది. తిత్తులుండవు, చక్రం ఉండదు, రాక్షసిబొగ్గు మంట దానంతటదే ముడితగరం మీదుగా పాకుతుంది. అక్కడ పనిచేసేవాణ్ణి స్మెల్టర్ అంటారు, అంటే కరిగించేవాడని. ఆ మాట సముద్రం అవతల డచ్చివాళ్ళ దగ్గర్నుంచి వచ్చిందని చెప్పుకున్నారు. పాస్కోకి ఆ పేరు పిచ్చిలా పట్టుకుంది.

"స్మెల్టరట, స్మెల్టరు. తాత పేరు మోయలేనోడికి పరాయివాళ్ళ టోపీ కావాల్సొచ్చింది," అని వెక్కిరించింది మెలియర్.

"నువ్వలా అంటావుగానీ, రేపు నలుగురిలో నువ్వే నన్ను ఆ పేరుతో పిలుస్తావు చూడు."

"చచ్చినా పిలవను."

"సరే అయితే. నువ్వు ఆ పేరుతో పిలిచేదాకా నేను వెనక్కి తిరగను," అని చెప్పి, మంచు కమ్ముకున్న బీడు మైదానంలోకి నడిచి వెళ్ళిపోయాడు. కోపంలో మనిషి వంద అంటాడు, సాయంత్రానికి పులుసు వాసనకి తిరిగొస్తాడు అనుకుంది. రాలేదు. ఆ మైదానం నిండా ఊబులే. బ్రిస్టల్ పట్నం వెళ్ళాడన్నారు కొందరు, ఊబిలో దిగాడన్నారు కొందరు. మెలియర్ మాత్రం బ్రిస్టల్ మాటే పట్టుకుని ఏడేళ్ళు నెట్టుకొచ్చింది. మొగుడు పోయినదానిలా తలకి నల్లగుడ్డ కట్టలేదు.

ఈ ఏడాది కొలిమి యజమాని కూడా సముద్రపు ఒడ్డున రాక్షసిబొగ్గు కొలిమి కట్టించాడు. పాత ఇల్లు ఇదే ఆఖరుసారి కాల్చడం, మళ్ళీ కప్పు వేయరు. ఆ సంగతి తెలిసిన వారం నుంచీ మెలియర్‌కి చప్పుడు వినిపించడం మొదలైంది.

చక్రం ఆపేశాక, తిత్తులు సద్దుమణిగాక, పైన రెల్లులోంచి వచ్చేది. ఫూ, ఫూ అని రెండు పొట్టివి, ఆ వెనక ఒక పొడుగుది. వంటింట్లో ఆమె చెయ్యి కాలినప్పుడల్లా పాస్కో అరచేయి పట్టుకుని సరిగ్గా అలాగే ఊదేవాడు. మొదటిసారి విన్నప్పుడు ఆమె కడిగిన ముడితగరం బుట్ట కొలిమి పక్కన దించేసి, తలెత్తి రెల్లంతా వెతికింది.

"ఎలకలే తల్లీ," అంది థామసిన్. ఏట్లో ముడితగరం కడిగే ఆడవాళ్ళలో మెలియర్‌కి దగ్గరిది ఆవిడే.

"ఎలకలు లెక్కపెట్టి ఊదుతాయా?"

"మా ఆయన గురకపెడితే లెక్కా ఉంటది, రాగమూ ఉంటది. నేనేమన్నా దెయ్యమన్నానా?" అని నవ్వబోయి, మెలియర్ మొహం చూసి మానుకుంది థామసిన్. గొంతు తగ్గించి, "పోనీ, మీ మావకి చెప్పి పాస్కోని కూడా పేరుపెట్టి పిలిపించు," అంది.

"పిలిస్తే చచ్చిపోయాడని ఒప్పుకున్నట్టేగా. పైనుంచి పలికితే నాకింక ఎదురుచూడ్డానికి ఏం మిగుల్తుంది?"

థామసిన్ జల్లెడ మళ్ళీ నీళ్ళలో ముంచింది.

పాస్కో తండ్రి హెండర్ వార్న్ ఆ కొలిమి ఇంటికి పెద్ద బ్లోయర్. అరవై దాటినా ఇనపకమ్మీలాంటి మనిషి, మాట కూడా అంతే. స్మెల్టర్ అన్న మాట తన కప్పు కింద ఎవరన్నా అంటే గరిట విసిరేవాడు. కొడుకుని ఎత్తుకుపోయింది ఆ మాటేనని ఆయన కక్ష. కాల్చే రోజుకి ముందురోజు ఆయనే కోడలి గుమ్మంలోకి వచ్చాడు.

"అమ్మాయ్, ఈ ఏడేళ్ళలో పోయిన ఏడుగురిని రేపు పిలుస్తాను. ఎనిమిదోవాణ్ణి పిలవమంటావా?"

"మీకు కూడా వినపడిందా మావయ్యా?"

"నా చెవులు కొలిమి హోరుకి ఎప్పుడో పోయినయ్. నువ్వు చెప్పు. పెళ్ళానివి నువ్వు, మాట నీదే."

మెలియర్ పొయ్యిలో కట్టె ఎగదోసింది. పిలవకపోతే, అక్కడున్నది నిజంగా అతనే అయితే, తన చేతులారా కాల్చినట్టే. "పిలవండి," అంది చివరికి.

మర్నాడు ఎండ నిటారుగా కాసింది. ఆకు కదలడం లేదు. యజమాని గుమాస్తా ట్రెగియర్ గుర్రం మీదే కూర్చుని తొందరపెట్టాడు. "ఈ పిలుపులూ పేరంటాలూ త్వరగా కానిస్తావా పెద్దాయనా? వచ్చేవారం నుంచి నువ్వూ స్మెల్టర్‌వే, అక్కడ ఇవన్నీ కుదరవు."

"వచ్చేవారం దాకా నోరు అదుపులో పెట్టుకో బాబూ," అన్నాడు హెండర్, అతనివైపు చూడకుండానే.

టోపీ తీసి గుమ్మంలో నిలబడి పిలిచాడు. "బ్లోయర్ జాగో, బయటికి రా." లోపల రెల్లు గరగరమంది. చిటికెడు మసి రాలి, గుమ్మంలో ఉన్నవాళ్ళ మొహాలకి చల్లటి గాలి తగిలి పోయింది. రెండోవాడు, మూడోవాడు, అలా ఏడుగురూ వచ్చారు, ఏడుసార్లూ మసి రాలింది. గుర్రం వెనక్కి వెనక్కి జరగడం మొదలుపెట్టింది, ట్రెగియర్ దిగిపోయి కళ్ళెం పట్టుకున్నాడు.

"బ్లోయర్ పాస్కో," అన్నాడు హెండర్. "బయటికి రా నాయనా."

ఏమీ కదల్లేదు. మళ్ళీ పిలిచాడు. మూడోసారీ పిలిచాడు. రెల్లు రెల్లులాగే ఉంది.

మెలియర్‌కి ఏడుపు, నవ్వు కలిసి వచ్చాయి. బతికే ఉన్నాడు. థామసిన్ చెప్పినట్టు ఎలకలే. థామసిన్ ఆమెని కావలించుకుని, "చెప్పానా, చెప్పానా," అంటూ వీపు నిమిరింది. హెండర్ కూడా కళ్ళు తుడుచుకుని, కాగడా అందుకుని చూరుకి ముట్టించాడు. ఏడేళ్ళ ఎండురెల్లు, అంటుకోవడానికి ఎంతసేపు?

మంట ఒక పక్కనుంచి ఎక్కుతుండగా మెలియర్ దగ్గరికి వెళ్ళి నిలబడింది. ఎన్నాళ్ళుగానో భయపడ్డ కప్పుని కాలుతుండగా చూద్దామనిపించింది. పైనుంచి మండే రెల్లుపరక ఒకటి వచ్చి ఆమె అరచేతిలో పడింది. అబ్బా అని చెయ్యి విదిలించింది.

అప్పుడు వినపడింది. కాలుతున్న కప్పు మధ్యలోంచి, ఫూ, ఫూ. ఆ వెనక పొడుగుది.

ఈసారి అందరికీ వినపడింది. హెండర్‌కి కూడా, చెవులు పోయినవాడికి. "పిలిచాను కదా," అని గొణిగాడు ముసలాయన. "మూడుసార్లు పిలిచాను కదమ్మా, ఎందుకు రాలేదు?"

ఎందుకు రాలేదో మెలియర్‌కి ఆ క్షణంలో తెలిసింది. నువ్వు ఆ పేరుతో పిలిచేదాకా తిరగనని చెప్పాడు. చెప్పిన మాట మీద నిలబడి, ఏడేళ్ళూ పైన కూర్చుని ఎదురుచూశాడు. ఎదురుచూస్తున్నది తనొక్కతే అనుకుంది. ఇప్పుడు ఆ పేరు పిలిస్తే బ్రిస్టల్ లేదు, తిరిగి రావడం లేదు. పిలవకపోతే ఇంకో నిమిషంలో అతనే లేడు.

సెగకి జుట్టు కమురుతున్నా గుమ్మంలోకి వెళ్ళి నిలబడింది. మావగారి ముందు, గుమాస్తా ముందు, ఊరివాళ్ళందరి ముందు అంది:

"స్మెల్టర్ పాస్కో. బయటికి రా. నేనే పిలుస్తున్నా."

మంట ఒక్క క్షణం పక్కకి ఒరిగింది. కాలిన అరచేతి మీద చల్లగా తగిలింది. రెండు పొట్టివి, ఒక పొడుగుది. ఆ పొడుగుది మాత్రం ఆమె ఎరిగిన దానికంటే ఎక్కువసేపు సాగింది. అది ఆగిపోయాక థామసిన్ ఆమెని వెనక్కి లాగింది, వెంటనే వాసాలు కూలాయి.

మర్నాడు బూడిద కడగడానికి ఆడవాళ్ళు ఏటికి వచ్చేసరికి మెలియర్ అప్పటికే నీళ్ళలో ఉంది. తలకి నల్లగుడ్డ కట్టుకుంది. థామసిన్ ఆమె చెయ్యి తిప్పి చూసింది. రెల్లుపరక పడ్డచోట బొబ్బ లేదు, మచ్చ కూడా లేదు.

హెండర్ ఏటి ఒడ్డుకి వచ్చాడు.

"వచ్చాడా అమ్మాయ్?"

"వచ్చాడు మావయ్యా."

ముసలాయన టోపీ తీశాడు. కప్పు లేని గోడలవైపు తిరిగి, ఈ ఏడేళ్ళలో పోయినవాళ్ళ పేర్లు మొదటినుంచీ వరసగా చెప్పుకున్నాడు. బ్లోయర్ జాగో దగ్గర్నుంచి ఏడుగురు. ఆ తర్వాత తన జన్మలో ఎన్నడూ అనని మాట అన్నాడు.

"స్మెల్టర్ పాస్కో, నా కొడుకు."