ఆ నవ్వు ఎవరిది?

ప్రతి గురువారం ఆ తల్లీకూతుళ్లు కౌన్సిలర్ దగ్గరకు కలిసే వచ్చేవారు. ఇరవై ఏళ్ల కూతురు లోపలికి వెళ్లి మాట్లాడేది. తల్లి గంటసేపు బయట కుర్చీలో కూర్చునేది. ఇంట్లో ఆ అమ్మాయి తల్లితో నోరు విప్పి ఎనిమిది నెలలైంది.

ఆ రోజు కూతురు మెట్లు దిగగానే తల్లి గుమ్మం దగ్గరకు వచ్చింది.

"మేడమ్, ఇందాక లోపల ఎవరో పకపకా నవ్వారు. మా అమ్మాయా, మీరా?"

కౌన్సిలర్‌కు చెప్పేయాలనే అనిపించింది. కానీ ఇక్కడి మాట ఒక్కటీ బయటకు పొక్కదని ఆ అమ్మాయికి మొదటి రోజే మాటిచ్చింది.

"తన సంగతులు నేను చెప్పకూడదండీ. ఏమీ అనుకోకండి."

"సంగతులొద్దమ్మా. నన్ను తిట్టిపోసినా చెప్పొద్దు. నవ్విందో లేదో చెప్పండి, చాలు. కన్నదాన్నయ్యుండి దాని నవ్వే గుర్తుపట్టలేకపోయాను."

"తననే అడిగి చూస్తాను" అంది కౌన్సిలర్. అంతకు మించి ఆమె చేతిలో ఏమీ లేదు.

మరుసటి వారం అడిగింది. "నువ్విక్కడ నవ్వుతున్నావని మీ అమ్మకు ఒక్క మాట చెప్పనా?"

అమ్మాయి అడ్డంగా తల ఊపింది.

"వద్దు మేడమ్. తెలిస్తే ఇంట్లో కూడా నవ్వమంటుంది. అది నావల్ల కాదు" అని ఏడ్చేసింది.

తలుపు తీసేసరికి తల్లి నిలబడే ఉంది. కూతురి ఎర్రబడ్డ కళ్లు చూసి, "ఏమైందమ్మా?" అంది. కూతురు ఆమెను దాటుకుని మెట్లు దిగిపోయింది.

"చెప్పలేనండీ" అంది కౌన్సిలర్, తల వంచుకుని.

"సరేలెండి" అంది తల్లి. కూతురు మరిచిపోయిన గొడుగు తీసుకుని గబగబా వెనకే వెళ్లింది.