ఏడో భాగస్వామి ఊరు

జ్యూరీ మా వైపు తీర్పు చెప్పిన తొమ్మిదో రోజున, బుధవారం పొద్దున, రాండాల్ కీచ్ ఫోన్ చేశాడు. ధాన్యం కంపెనీ తరపు లాయరు. అది ఓడిపోయినవాడి గొంతులా లేదు.

"కొలీన్, కూర్చునే ఉన్నావా? నీ కేసు అసలు ఫెడరల్ కోర్టులోకే రాకూడదు."

"జోకులు వేసే టైమా ఇది?"

"జోకు కాదు. మా భాగస్వాములు ఏడుగురు. ఏడో ఆవిడ నెబ్రాస్కా మనిషి. మీ డ్వేన్‌దీ నెబ్రాస్కాయే కదా? పిటిషన్ వేసేశాను, చూసుకో."

మా కేసు ఫెడరల్ కోర్టులో నిలవాలంటే, వేసిన రోజున ఇరుపక్షాలూ వేర్వేరు రాష్ట్రాల వాళ్ళై ఉండాలి. మామూలు కార్పొరేషన్‌కైతే రిజిస్టరైన చోటు, ప్రధాన కార్యాలయం చూస్తే చాలు. ఇది ఎల్‌ఎల్‌సీ, భాగస్వాముల కంపెనీ. దీని భాగస్వాములు ఏయే రాష్ట్రాల వాళ్ళో అవన్నీ దీని రాష్ట్రాలే. రెండేళ్ళ కిందట నేను కేసు వేసే తొందరలో, రిజిస్టరైన డెలావేర్, ఆఫీసున్న కాన్సస్ అని రెండు పేర్లు రాసి ఊరుకున్నాను. భాగస్వాములు ఎవరని అడగలేదు. జడ్జీ అడగలేదు. కీచ్ కూడా నోరు మూసుకున్నాడు, ఓడేదాకా.

ఈ లోపం తీర్పు తర్వాత ఎత్తిచూపినా చెల్లుతుంది. అది నిజమైతే జ్యూరీ మాట కూడా చెల్లదు. రాష్ట్ర కోర్టులో మొదటినుంచి మొదలుపెట్టాలంటే రెండేళ్ళు. ఆ కంపెనీలో ధాన్యం దుమ్ముతో ఊపిరితిత్తులు పాడైన నా క్లయింటు డ్వేన్ పెట్స్కాకు డాక్టరు చెప్పింది ఆరు నెలలు.

డ్వేన్‌కు చెప్పక తప్పలేదు. ఆక్సిజన్ గొట్టం బుసబుసల మధ్య విన్నాడు.

"అంటే నేను గెలవలేదా లాయరమ్మా?"

"గెలిచావు. నిలబెట్టుకోవాలి."

"త్వరగా నిలబెట్టు. నేను ఎక్కువసేపు నిలబడలేను."

నవ్వబోయి దగ్గాడు. నేను నవ్వలేకపోయాను.

శుక్రవారం మధ్యాహ్నం పన్నెండింటిలోగా రుజువు దాఖలు చేయాలని జడ్జీ ఆదేశించారు. గురువారం ఏడో భాగస్వామి దొరికింది. వెర్లా స్ట్రోమ్‌క్విస్ట్, ఎనభై ఒక్కేళ్ళు. భర్త పోతూ వాటా మిగిల్చాడు. ఇప్పుడు ఉండేది అరిజోనాలోని మీసాలో.

"నాకా కంపెనీలో వాటా ఉందా? క్రిస్మస్‌కి పందిమాంసం పంపుతారు, అంతే తెలుసు," అంది ఫోన్‌లో.

"రెండేళ్ళ కిందట మార్చి మూడున, మేం కేసు వేసిన రోజున, మీ ఊరేది అమ్మమ్మా?"

"ఇక్కడే. జనవరిలోనే వచ్చేశాను. ఇల్లు మాత్రం నెబ్రాస్కాలో ఉంది, మేనల్లుడు ఉంటున్నాడు. డ్రైవింగ్ లైసెన్సూ అక్కడిదే. మార్చడం బద్ధకం."

ఇల్లూ లైసెన్సూ కీచ్ పిటిషన్‌లో ఉన్నాయి. ఎండ కోసం చలికాలం దక్షిణానికి పోయి వసంతంలో తిరిగొచ్చే ముసలివాళ్ళు మా దగ్గర వేలల్లో ఉంటారు. ఈవిడా అంతేనని కీచ్ వాదన. ఇక తిరిగి రానని అప్పటికే నిశ్చయించుకుందని చూపాలి.

"ఏదైనా కాగితం ఉందా?"

"పాస్టరు ఇక్కడి చర్చికి నా ఉత్తరం పంపాడుగా!"

లూథరన్ క్రైస్తవులు ఊరు మారితే పాత చర్చి కొత్త చర్చికి సభ్యత్వ బదిలీ ఉత్తరం పంపుతుంది. శుక్రవారం పొద్దున రెండు గంటలు కారు నడిపి ఆమె పాత చర్చి చేరాను. ఆఫీసు చూసుకునే మార్లీస్ కాఫీ పోసింది.

"మీ లాయర్లు చర్చికొచ్చేది పెళ్ళికో చావుకో. ఇది ఏది?"

"చావే, ఆ ఉత్తరం దొరక్కపోతే."

దొరికింది. తేదీ మార్చి పదకొండు. కేసు వేసిన ఎనిమిది రోజుల తర్వాత.

కప్పు జారి కాఫీ బల్లమీద ఒలికింది. పదకొండు దాటి పది నిమిషాలైంది. ఈ కాగితం చూపితే కీచ్‌దే గెలుపు. దాచితే నా లాయరు లైసెన్సు పోతుంది, నా మీద నాకున్న నమ్మకమూ పోతుంది.

మార్లీస్ బల్ల తుడుస్తూ గొణిగింది. "అది పాస్టరు రాసిన తేదీ తల్లీ. నెలకోసారి కూర్చునే చర్చి పెద్దలు ఒప్పుకున్నాకే ఆయన రాస్తాడు. ఆవిడ అడిగింది ఎప్పుడో!"

"అడిగినట్టు కాగితం ఉంటుందా?"

"మేం స్వీడన్ వాళ్ళం. పారేయడం తెలీదు."

పెద్దల సమావేశాల మినిట్స్ ఫైల్లో పిన్ను గుచ్చిన పూల కాగితం, వెర్లా వణుకుతున్న చేతిరాత. ఫిబ్రవరి ఇరవై. 'ఇక తిరిగి రాను, నా పేరు పంపండి.'

రెండు కాగితాలూ అక్కడే స్కాన్ చేసి పదకొండు నలభై ఎనిమిదికి దాఖలు చేశాను.

మధ్యాహ్నం రెండు గంటలకు జడ్జీ అందర్నీ ఫోన్‌లోకి పిలిచారు. వెర్లా చేత ప్రమాణం చేయించాక కీచ్ ఎగబడ్డాడు. "మేడమ్, ఇల్లు ఉంచుకున్నారంటే తిరిగొద్దామనేగా?"

"తిరిగి రావాలనుంటే చర్చిలోంచి పేరెందుకు తీయించుకుంటాను నాయనా? వచ్చి చస్తే, సభ్యత్వం లేని నన్నెవరు పూడుస్తారు?"

లైన్లో కాగితాలు తిరగేసిన చప్పుడైంది.

"దావా వేసిన నాటికి ఈమె అరిజోనా పౌరురాలు," అన్నారు జడ్జీ. "పిటిషన్ కొట్టేస్తున్నాను."

డ్వేన్‌కు ఫోన్ చేశాను. మొదట వినిపించింది ఆక్సిజన్ బుసే.

"నిలబడిందా?"

"నిలబడింది."

"అయితే నేను కూర్చుంటాను," అన్నాడు. కుర్చీ కిర్రుమంది. అంతసేపూ నిలబడే ఉన్నాడు.