మన్నించే కర్ర

పచ్చిక మీద చెల్లాచెదురుగా పడిన గోల్ఫ్ బంతుల్ని రోజారమణి వంగి వంగి ఏరుతోంది. నడుము పట్టేసినప్పుడల్లా నిటారుగా నిలబడి, బంతులు కొట్టేవాళ్ళు ఉండే షెడ్డు వైపు ఒకసారి చూసి, నోట్లోనే ఓ తిట్టు తిట్టి మళ్ళీ వంగుతుంది. తల మీద రిసార్టు వాళ్ళిచ్చిన ప్లాస్టిక్ హెల్మెట్. దాని కింది నుంచి చెమట కళ్ళల్లోకి కారుతోంది. నలభై దాటిన మనిషి, గట్టి ఎముక, మోచేతుల దాకా కమిలిపోయిన చర్మం. పనిలో చేరిన కొత్తలో ఆమెకు నవ్వొచ్చేది. అంతంత మగాళ్ళు నెల్లూరు నుంచీ, తడ ఫ్యాక్టరీల నుంచీ కార్లేసుకుని వచ్చి బంతిని దూరంగా కొట్టడం, దాన్ని ఇంకొకరు ఏరుకొచ్చి మళ్ళీ వాళ్ళ కాళ్ళ దగ్గర పొయ్యడం! ఇప్పుడు నవ్వు రావడం లేదు. ఒళ్ళు మండుతోంది.

మండదూ మరి! ఈ పచ్చిక కింద ఉన్నది వాళ్ళ దిబ్బ. మైపాడు పక్కనున్న ఆ పల్లె ఆడవాళ్ళు చేపలు ఎండబెట్టుకున్న ఇసక. పెళ్ళయి వచ్చిన మర్నాడే అత్త కామాక్షమ్మ ఆమె చేతికో గంప ఇచ్చి ఇక్కడికి తీసుకొచ్చింది. పురిటి పచ్చి ఆరకముందే కూతుర్ని గంప నీడలో పడుకోబెట్టి ఇక్కడే నెత్తళ్ళ చేపలు పరిచింది. పడవ తిరగబడి మొగుడు పోయాడన్న కబురు వచ్చిందీ ఇక్కడికే. ఆ రోజు అత్తాకోడళ్ళిద్దరూ ఏడ్చి ఏడ్చి, వాన మబ్బు పట్టేసరికి లేచి చేపలు ఎత్తుకున్నారు. అలాంటి దిబ్బను చదును చేసి, ఎక్కడి నుంచో గడ్డి తెచ్చి పరిచి, ట్యాంకర్లతో మంచినీళ్ళు పోసి పెంచారు. పల్లెలో బిందె నీళ్ళ కోసం జుట్లు పట్టుకుంటుంటే గడ్డికి మంచినీళ్ళు!

గొడవ ముదిరినప్పుడు పల్లెలో కాపులని పిలిచే ఊరి పెద్దలు కూర్చుని రాజీ చేశారు. కంచెకు కుడి పక్కన మిగిలిన ఇసక పల్లెది. అక్కడ బంతులు పడితే కాపులు దురాయి వేస్తారు. అంటే కట్టుబాటు. వేశారంటే పల్లె నుంచి ఒక్క మనిషి కూడా రిసార్టు పనికి పోడు. ఆ మాట దాటే ధైర్యం ఎవరికీ లేదు. ఇన్నాళ్ళూ పాత కర్రలు కాబట్టి బంతులు అంతదూరం పోలేదు. కంచె వల గాలికి సాగి వేలాడుతున్నా ఎవరూ పట్టించుకోలేదు. దాని అవతలే కామాక్షమ్మ రోజూ పొద్దుగూకేదాకా కూర్చుంటుంది.

"రమణీ, ఏరింది చాలు. ఇట్రా!" అని మేనేజరు మధుబాబు కేకేశాడు.

షెడ్డులో మద్రాసు నుంచి వచ్చిన కోచ్ రెండు పొడుగాటి కర్రల్ని బల్ల మీద పెట్టి ఉన్నాడు. ఒకదాని తల ఎర్రది, ఇంకోదాని తల నల్లది. డ్రైవర్లంటారు వాటిని, అన్నిటికన్నా దూరం కొట్టే కర్రలు. గెస్టులకు అద్దెకిచ్చేందుకు రెంటిలో ఒక రకం కొనాలి.

"ఎర్రది కొత్తవాళ్ళకి" అని కోచ్ మధుబాబుకు వివరిస్తున్నాడు. "తల పెద్దది, బరువంతా వెనక పెట్టారు. తప్పు కొట్టినా మన్నిస్తుంది. బంతి పైకి లేచి ఇంచుమించు తిన్నగానే పోతుంది. నల్లది కాస్త ఆట వచ్చినవాళ్ళకి. సరిగ్గా తగిలిందా, బంతి కిందుగా దూసుకుపోయి పడ్డాక కూడా దొర్లుతుంది. తగల్లేదా, కుడికి లాక్కుపోతుంది."

తప్పు కొట్టినా మన్నిస్తుందట! వీళ్ళ తప్పుల్ని మన్నించడానికి ప్రత్యేకంగా కర్రలు తయారు చేయిస్తున్నారు. మొన్న కూతురికి జ్వరమని ఒక్క పూట ఆలస్యంగా వస్తే ఇదే మధుబాబు ఆమెను గేటు బయటే నిలబెట్టాడు. రోజారమణి పళ్ళు కొరుక్కుంది.

దూరం కొలిచే మిషను ఉప్పుగాలికి చెడిపోయి మూలన పడి ఉంది. ఇసక మెరుపులో బంతి ఎక్కడ ఆగిందో షెడ్డు నుంచి కనబడదు. అందుకని ఆమె మైదానంలో నిలబడి, బంతి ఆగిన చోటల్లా ఆ కర్ర రంగు జెండా పాతాలి.

"ఏది కొంటారు సార్?" అని అడిగింది.

"ఏది బాగుంటే అది. నీకెందుకు? నువ్వు జెండాలు సరిగ్గా పాతు" అన్నాడు మధుబాబు.

ఎర్ర కర్ర బంతులు ఎత్తుగా లేచి, బద్ధకంగా వచ్చి పచ్చిక మధ్యలో పడ్డాయి. ఆమె ఉన్నవి ఉన్నట్టు జెండాలు పాతింది. తర్వాత కోచ్ నల్ల కర్ర అందుకున్నాడు. ఆ చప్పుడే వేరు. బంతి ఆమె భుజం ఎత్తున రివ్వున పోయి మైదానం చివర దాకా దొర్లింది. తర్వాత మధుబాబు కొట్టాడు. ఆట అంతంతమాత్రమే వచ్చిన మనిషి. అతను కొట్టిన బంతి తిన్నగా బయల్దేరి, మధ్యలో కుడికి వంకర తిరిగి, సాగిన వల మీదుగా అవతల పడింది. దాని వెనకే ఇంకోటి, ఇంకోటి.

ఆ ఇసక మెరుపులో షెడ్డు వాళ్ళకు కనబడకుండా రోజారమణి కంచె సందులోంచి దూరి పరుగెత్తింది. కామాక్షమ్మ చేపల మధ్య పడిన బంతిని వేళ్ళతో తిప్పి చూస్తోంది. బక్క మనిషి, నోట్లో పళ్ళు లేవు, మాటకు మాత్రం కోరలున్నాయి.

"ఏందే, మీ దొరలొచ్చి నా నెత్తళ్ళ మీద గుడ్లు పెడతా ఉండారు?"

"నవ్వబాకత్తా. తలకు తగిలిందంటే చస్తావు. గంప ఎత్తుకోని అవతలికి పో."

"యాడికి పొయ్యేది? అవతల సముద్రముండాది. దాంట్లో ఎండబెట్టమంటావా?" కామాక్షమ్మ బంతిని విసిరికొట్టింది. "ఇప్పుడే పోయి కాపులకు చెప్తా. దురాయి ఏస్తే తెలిసొస్తాది నా కొడుకులకు."

"ఇయ్యాల్టికి ఆగత్తా. దురాయి ఏస్తే నా పని పోతాది, పిల్ల సదువు ఆగిపోతాది. ఆ నల్ల కర్ర కొంటేనే గదా ఇదంతా. వాళ్ళని కొననియ్యను. నేను చూసుకుంటా గదా."

కామాక్షమ్మ కోడలి మొహంలోకి చూసి, సరేనన్నట్టు చెయ్యి విదిలించి మళ్ళీ కూర్చుంది.

ఎలా చూసుకోవాలో రోజారమణికి తెలుసు. వాళ్ళ నాయన కొత్త వల కొనేముందు రెండు రకాల వలలు పడవ మీద తీసుకుపోయి, ఒకే నీళ్ళలో పక్కపక్కన వేసి చూసేవాడు. తక్కువ పడిన వల అదే రోజు షావుకారు కొట్టుకు తిరిగి పోయేది. చేప పడని వలనూ, దూరం పోని కర్రనూ ఎవరు కొంటారు? అవతల పడిన బంతుల్ని కొంగులో కట్టుకొచ్చి పచ్చికలో వేసింది. నల్ల జెండాలన్నీ ఎర్రవాటికి ఇవతల, కంచెకు బాగా ఎడంగా పాతింది. చివరి జెండాను మడమతో తొక్కి మరీ దిగేసింది. చాన్నాళ్ళ తర్వాత ఆమెకు కాస్త సంతోషంగా అనిపించింది.

మధుబాబూ కోచూ నడుచుకుంటూ వచ్చి జెండాల మధ్య నిలబడ్డారు. కోచ్ మొహం చిట్లించాడు.

"ఎదురుగాలి వల్లనేమో. దీనికి ఇంత తక్కువ రాకూడదు."

"మనకు దూరం ఎవడిక్కావాలండీ!" మధుబాబు మొహం వెలిగిపోయింది. "నా భయమంతా ఆ కంచె గురించే. నల్లది కంచె దాటితే ఎర్రదే తీసుకుందామనుకున్నా, ఊరోళ్ళతో తలనొప్పి మనకెందుకని. ఒక్కటి కూడా దాటలేదు. నేను కొట్టినవి కూడా దాటలేదు! గెస్టులు అడిగేదీ నల్లదే. ఇంకేం, అదే ఖాయం."

రోజారమణికి అప్పుడు అర్థమైంది. ఆ కర్రను కొనిపించింది తన చెయ్యే. వాళ్ళు షెడ్డు చేరి, ఫ్యాక్టరీ ఆఫీసరొకాయన చేతికి నల్ల కర్ర అందించి, కొట్టి చూడండి సార్ అంటుండగా ఆమె రొప్పుకుంటూ వెళ్ళి ఎదురుగా నిలబడింది.

"సార్, నేను అబద్ధం పాతినా. నల్లది కంచె దాటింది. శానా దాటినాయి. ఏరుకొచ్చి లోపల ఏసినా."

మధుబాబు ఆమెను పక్కకు లాగాడు. "మెల్లగా మాట్లాడు! పిచ్చిపట్టిందా నీకు?"

"ముందు ఆయన్ని ఆపు సార్. అవతల మా అత్త ఉండాది. ఆడోళ్ళంతా ఆడనే ఉండారు."

"గెస్టునెలా ఆపమంటావ్? మహా అయితే నాలుగు బంతులు కొట్టి పోతాడు. నీ సంగతి రేపు చూస్తా."

వినీ ఆపలేదు. ఆమెకు ఆ మనిషి గొంతు పట్టుకోవాలనిపించింది. ఆ కోపంలో ఆఫీసరు వైపు తిరిగేలోపే అతను కర్ర ఊపేశాడు. బంతి వంకర తిరిగి వల మీదుగా పోయింది. "అయ్యో, తప్పింది" అని నవ్వి, అతను ఇంకో బంతి పెట్టుకున్నాడు. ఆమె అతనికి అడ్డంగా మైదానంలోకి పరుగెత్తింది. వెనక ఎవరెవరో అరుస్తున్నారు.

కామాక్షమ్మ కూర్చునే ఉంది. చెవి పక్కన చెయ్యి పెట్టుకుని ఉంది. రక్తం లేదు. కోడలు చెయ్యి తీసి చూస్తే కొంచెం కమిలి, ఉబ్బి ఉంది, అంతే.

"ఏం కాలేదులే. అట్టా చూడబాక" అంది. "కొననియ్యనంటివే?" అని అడిగింది.

"కొన్నారత్తా. నా వల్లనే కొన్నారు."

కామాక్షమ్మకు ఆ మాట వినబడిందో లేదో తెలియదు. తల తిరుగుతోందని చెప్పి కోడలి ఒళ్ళో తల పెట్టుకుని పడుకుంది. పక్కన చేపలు ఎండేస్తున్న ధనలక్ష్మి ఆటో కోసం రోడ్డు మీదికి పరుగెత్తింది. సెక్యూరిటీ అతను కంచె సందులోంచి దూరి వచ్చి, మేనేజరు గారు పంపించారంటూ తువ్వాలులో చుట్టిన ఐసు ముక్కలు ఇవ్వబోయాడు. రోజారమణి ఒక్క తోపు తోసింది. ధనలక్ష్మి ఆటోను ఇసక అంచు దాకా తెచ్చేసరికి, ఒళ్ళో తల బరువెక్కి ఉంది. రోజారమణి అత్త నోటి మీద వాలిన ఈగను తోలింది. మళ్ళీ తోలింది. మూడోసారికి ధనలక్ష్మి ఏడుపు అందుకుంది.

కాపులు ఆ సాయంత్రమే దురాయి వేశారు. పల్లెలో చావని ఎవరూ వేటకు పోక, ఇసక మీదికి లాగిన పడవలు లాగినట్టే ఉండిపోయాయి. రిసార్టులో బంతులు ఏరే మనిషి లేదు. కామాక్షమ్మను నులక మంచం మీద ఇంటికి మోసుకుపోతుంటే రోజారమణి ఒక్క కన్నీటి చుక్క రాల్చకుండా, జెండాలు పాతిన తన కుడిచేతి వైపు చూడకుండా వెనకాలే నడిచింది. ఆడవాళ్ళు గంపలూ పట్టలూ ఎత్తుకుని ఆమె వెంట పోయారు. ఐసు కరిగిపోయి, అంచున పచ్చదారంతో రిసార్టు పేరు కుట్టిన ఆ తెల్ల తువ్వాలు ఒక్కటి తడిసిన ఇసకలో పడి ఉంది. దాన్ని ఎవరూ ముట్టుకోలేదు.