చంక కింద కిటికీ

ఓలీటా రోజూ పొద్దున్నే ముందు గాజుగుడ్డ ఉప్పునీళ్ళలో నానేసి, ఆ తర్వాతే కాఫీ పెడుతుంది. కాఫీ కన్నా ముందు మొగుడి ఎడమ చంక కింద కిటికీ పని చూడాలి మరి. కిటికీ అన్నది డాక్టర్లు పెట్టిన పేరే. కెంటకీ గనుల్లో పీల్చిన బొగ్గుపొడికి వెర్లిన్ ఊపిరితిత్తి పాడై, దాని పక్కన చీము పట్టి, గొట్టాలు వేసినా మళ్ళీ మళ్ళీ ఊరుతుంటే, రెండు పక్కటెముకల ముక్కలు తీసేసి అక్కడ తెరిచే ఉంచారు. పిడికిలి పట్టేంత గుంత. పాత గుడ్డ లాగి, కడిగి, కొత్తది మడతలు మడతలుగా కూరాలి. కొస బయటికి వదలాలి, లేకపోతే గుడ్డ లోపలే ఉండిపోతుంది.

అదంతా అయ్యేదాకా వెర్లిన్ గోడవైపు చూస్తుంటాడు. "నావల్ల కాదే, కళ్ళు తిరుగుతాయి. మీ ఆడవాళ్ళకి ఇవన్నీ అలవాటే." భూమి కడుపులోకి దిగొచ్చిన మగాడు తన పక్కటెముకల్లోకి తొంగిచూసుకోలేడట! ఆ చేతులే కడుక్కుని ఆమె మొక్కజొన్న రొట్టె చేస్తుంది. కళ్ళజోడేదీ, మేజోళ్ళేవీ అంటే వెతికిపెడుతుంది. ఆడపడుచు వాండా చర్చి నుంచి వచ్చి "మా తమ్ముడి ఓర్పే ఓర్పు" అని కళ్ళొత్తుకుంటుంది. ఓలీటాకి ఒళ్ళు మండుతుంది. కానీ ఆ గుంతలో, పల్చటి పొర వెనక అతని గుండె కొట్టుకోవడం రోజూ చూసే మనిషి గట్టిగా కసురుకోనూ లేదు.

అతని ఆపరేషన్ అప్పుడు ఓలీటా వదిలేసిన బడి వంటింటి ఉద్యోగానికి మళ్ళీ పిలుపొచ్చింది. సోమవారం తెల్లారేసరికి పొయ్యి దగ్గరుండాలి, రాకపోతే ఇంకొకరిని పెట్టుకుంటామన్నారు. ఆ పిల్లల గోల, తన పేరున్న ఆ ఏప్రాను, వాటి మీద ఎంత బెంగపెట్టుకుందో ఆమెకే తెలుసు. "నువ్వెళ్తే నాకెవరు చేస్తారే?" అన్నాడు వెర్లిన్, అక్కడితో మాట ముగిసినట్టు.

శుక్రవారం ఆసుపత్రిలో నర్సు మెచ్చుకుంది. "ఎంత శుభ్రంగా ఉందో! ఎవరు చేస్తున్నారు?"

"మేమే చేసుకుంటున్నాం" అన్నాడు, గోడవైపు చూసే పెద్దమనిషి.

"అద్దం పెట్టుకుంటే మీరొక్కరే చేసుకోవచ్చు. చాలామంది చేసుకుంటారు."

"అద్దమెందుకమ్మా, ఓలీటా ఉందిగా!"



సోమవారం చీకటితోనే లేచి గుడ్డ నానేసింది. అతను గడ్డం గీసుకునే అద్దం బల్లమీద నిలబెట్టింది. కోటు తొడుక్కుని ఎదురుగా కూర్చుంది.

"సబ్బుతో చేతులు కడుక్కో."

"పొద్దున్నే ఏం వేషాలే ఇవి?"

"ఇవాళ పక్కన కూర్చుంటా. రేపట్నుంచి నువ్వే."

సణిగాడు, తిట్టాడు, కళ్ళు తిరుగుతున్నాయన్నాడు. ఆమె చేతులు వాటంతటవే లేవబోతుంటే తొడల కింద పెట్టుకుంది. చివరికి చేతులు కడుక్కుని, పాత గుడ్డ లాగి అద్దంలోకి చూశాడు. మొహం పాలిపోయింది.

"ఇంత లోతుందా! లోపలేదో కొట్టుకుంటోందే..."

"నీ గుండే."

"నాకెప్పుడూ చెప్పలేదేం?"

"చూడమని రోజూ చెప్పాను, వెర్లిన్. నువ్వు గోడ చూశావు."

గుంత కడిగి, కొత్త గుడ్డ కూరుకున్నాడు. వంకరగా ఉన్నా పనికొస్తుంది. ఆమె సరిచెయ్యలేదు. కారు తాళాలు తీసుకుని గుమ్మం దగ్గర వెనక్కి తిరిగింది.

"రేపు కూడా కొస బయటికి వదలడం మర్చిపోకు. లోపలికి పోతే వెతికిపెట్టడానికి నేనింట్లో ఉండను."