తిడితేనే లేచే తల్లి

వలిసెలమ్మ గుడిలో సుప్రభాతం ఉండదు. తిట్లుంటాయి. చెవులు మూసుకునేవాళ్లు మూసుకోవచ్చు, కానీ ఆ తిట్లు వినడానికే జనం పనిగట్టుకుని ఘాట్‌రోడ్డెక్కి వస్తారు.

అరకు కొండల్లో ఆ ఊరు వెలిసిందే ఆ తల్లి వల్ల. ఎప్పుడో ఒక కొండపిల్ల పసుప్పచ్చగా పూసే వలిసెల నూనెగింజల చేనుకు కాపలా ఉండి మంచె మీద నిద్రపోయిందట. తెల్లారి కన్నతల్లి వెళ్లి చూస్తే పిల్ల లేదు, నిలువెత్తు రాయి ఉంది. ఆ తల్లి ఏడుస్తూ తిట్టిన తిట్లకు రాయి కళ్లు తెరిచిందట. అప్పటినుంచి ఏటా జాతర నాడు ఆ ఇంటి ఆడమనిషి వాకిట్లో నిలబడి తిడితేనే డప్పు మోగుతుంది, తలుపు తెరుచుకుంటుంది.

నలభై ఏళ్లుగా తిడుతున్నది సోములమ్మ. ఈసారి ఆమె గొంతు పూర్తిగా పడిపోయింది. ఇక తిట్టాల్సింది మనవరాలు మాధవి, ఆశ్రమ పాఠశాలలో తెలుగు టీచరు.

"ఇబ్బందైతే చెప్పండి, సుప్రభాతం పెన్‌డ్రైవ్‌లో ఉంది," అన్నాడు గుడికి కొత్తగా వచ్చిన అధికారి మోహన్‌కృష్ణ.

ఒక్కసారి అది మోగితే ఇక ఎప్పటికీ అదే మోగుతుందని మాధవికి తెలుసు. "వద్దు సార్, ఇది మా ఇంటి పని," అంది.

జాతర నాడు తెల్లవారుజామున గుడి వాకిలి నిండా జనం. మాధవి మైకు పట్టుకుంది.

"అమ్మా, తెల్లవారిందండి. దయచేసి మేలుకోండి."

డప్పు మోగలేదు. ఒక్కరూ కదల్లేదు. మోహన్‌కృష్ణ చెయ్యి స్పీకరు పెట్టె వైపు వెళ్లింది.

సోములమ్మ మనవరాలి రెక్క పట్టుకుని లాగింది. "మనింటి గుంటకి, మన పిల్లకి, అండీ గిండీ ఏటే? దాన్ని పరాయిదాన్ని సేసేత్తన్నావు," అంది, గాలి తప్ప గొంతు లేని మాటతో.

మాధవికి చెంప ఛెళ్లుమన్నట్టయింది. మైకు పక్కన పెట్టేసి కొంగు దోపింది.

"ఏటే మొద్దుగుంటా! సేనంతా పూసేసినాది, ఊరంతా లెగిసినాది, నీకింకా తెల్లారలేదా? మా మామ్మ గొంతు పోయినదాకా అరిపించుకున్నావు, సిగ్గు నేదా? లెగు బేగి!"

తిడుతుంటే కళ్లు నిండిపోయాయి. ఇంతమంది చేతులెత్తి మొక్కే తల్లిని నోరారా తిట్టగలిగేది తమ ఒక్క ఇల్లే. ఆ గర్వం ఆమె గుండెలో పట్టలేదు. డప్పులు దద్దరిల్లాయి, తలుపులు తెరుచుకున్నాయి.

మోహన్‌కృష్ణ మైకు పట్టుకుని పరుగెత్తుకొచ్చాడు. "ఇంకోసారి తిట్టండమ్మా, వెనకవాళ్లకు వినబడలేదట!"

"వినాల్సిన గుంట లోపలున్నాది సార్. అది లెగిసినాది," అంది మాధవి, సోములమ్మను ముందు నడిపిస్తూ.